షుగర్ ఫైలులో చిగుళ్ళకూ ఒక పేజీ

(స్వర్ణోత్సవాల రెండో రోజు ఉదయం ఆరోగ్య సదస్సులో చేసిన ప్రసంగ పాఠం)

 

ఆరోగ్య సదస్సులో డాక్టర్లు మాట్లాడాలి గానీ ఇంజనీరుకు ఏం పని అని మీలో కొందరు అనుకుంటూ ఉంటారు. మన కార్యదర్శి గారిని నేనూ అదే అడిగాను. "గుండె గురించి, మోకాళ్ళ గురించి చెప్పడానికి మన బడిలో చదివిన డాక్టర్లు ఉన్నారు. నువ్వు పేషెంట్ల తరఫున మాట్లాడు" అన్నారు. ఆ అర్హత మాత్రం నాకు నిండుగా ఉంది. నాకు షుగర్ వచ్చి పదకొండేళ్ళయింది. మా అక్కకు పంతొమ్మిదేళ్ళు. మా అమ్మ చివరి ఇరవై ఏళ్ళూ దానితోనే బతికింది.

నిన్న రాత్రి భోజనాల్లో మా బ్యాచ్ వాళ్ళం పదిహేడు మందిమి ఒకే వరుసలో కూర్చున్నాం. ఓళిగలు వడ్డించే కుర్రాడు రాగానే తొమ్మిది మంది ఆకు మీద చెయ్యి అడ్డం పెట్టారు. ఆ తొమ్మిది మందిలో నలుగురు మళ్ళీ "సగం వెయ్యి నాయనా" అన్నారనుకోండి, అది వేరే సంగతి. భారత వైద్య పరిశోధన మండలి దేశమంతటా చేసిన సర్వే ఫలితాలు 2023లో వెలువడ్డాయి. మన దేశంలో 10.1 కోట్ల మందికి షుగర్ ఉందని, మరో 13.6 కోట్ల మంది దాని గుమ్మం దాకా వచ్చి ఉన్నారని ఆ లెక్క. మా వరుసను చూస్తే ఆ లెక్క నమ్మడానికి కష్టమేమీ లేదు.

మనందరి ఇళ్ళలో బీరువాలో ఒక షుగర్ ఫైలు ఉంటుంది. పరగడుపున ఎంత, తిన్నాక ఎంత, మూడు నెలల సగటు ఎంత, అన్నీ అందులో ఉంటాయి. కంటి రెటీనా పరీక్ష, కిడ్నీలకు క్రియాటినిన్, గుండెకు ఈసీజీ కాగితాలు ఉంటాయి. అరికాళ్ళు చూపించుకునేవాళ్ళు కూడా ఇప్పుడు పెరిగారు, సంతోషం. కానీ ఆ ఫైలు మొదటి నుంచి చివరి దాకా తిరగేసినా చిగుళ్ళ ఊసు ఉండదు. నేను ఈ రోజు చెప్పదలచుకున్నది ఒక్కటే మాట. చిగుళ్ళు పంటి డాక్టరుకు మాత్రమే సంబంధించిన వ్యవహారం కాదు. షుగర్ వైద్యంలో అవి ఒక భాగం. కళ్ళకూ కాళ్ళకూ కిడ్నీలకూ ఇచ్చిన పేజీ వాటికీ ఇవ్వాలి.

ఇది కొత్తగా కనిపెట్టిన సంగతేమీ కాదు. షుగర్ వల్ల వచ్చే చెడు పరిణామాలను ఐదు రకాలుగా లెక్కపెట్టేవాళ్ళు: కళ్ళు, కిడ్నీలు, నరాలు, పెద్ద రక్తనాళాలు, మానని పుండ్లు. 1993లో హెరాల్డ్ లో అనే నార్వే దంత శాస్త్రవేత్త ఒక వ్యాసం రాసి, ఆరోదిగా చిగుళ్ళ జబ్బును చేర్చారు. అప్పటికి ఆయన అమెరికా జాతీయ దంత పరిశోధన సంస్థకు డైరెక్టరు. ముప్పై ఏళ్ళు దాటిపోయింది. ఆ ఆరో అంకె ఇంకా మన ఊళ్ళ దాకా వచ్చినట్టు లేదు.

అసలు పన్ను ఎలా నిలబడి ఉంటుందో ముందు చూద్దాం. గోడలో మేకు దిగ్గొట్టినట్టు ఎముకలో పన్ను దిగ్గొట్టి ఉండదు. పంటి వేరుకూ దవడ ఎముకకూ మధ్య అర మిల్లీమీటరు కూడా లేని సందు ఉంటుంది. ఆ సందు నిండా సన్నని నార పోగులు. పన్ను వాటి మీద వేలాడుతూ ఉంటుంది. వంతెనలు కట్టే మిత్రులు ఇక్కడ ఉన్నారు. దూలానికీ స్తంభానికీ మధ్య వాళ్ళు రబ్బరు బేరింగు పెడతారు, బరువు పడ్డప్పుడు అదురు తట్టుకోవడానికి. ఆ పనే ఈ నారలు చేస్తాయి. చెరకు కొరికినా, వేయించిన చెనక్కాయలు నమిలినా పన్ను విరగకుండా ఉండేది వాటి వల్లనే. ఈ కట్టడానికంతటికీ పై మూత చిగురు. ఆరోగ్యంగా ఉన్నవాళ్ళకు కూడా చిగురు అంచుకూ పంటికీ మధ్య 1 నుంచి 3 మిల్లీమీటర్ల లోతు సందు ఉంటుంది. మన కథంతా ఆ సందులోనే జరుగుతుంది.

ఈ కథలో ఇద్దరు దొంగలున్నారు. వాళ్ళకు మన భాషలో చక్కని పేర్లున్నాయి: పాచి, గార. పాచి అంటే రాత్రి మిగిలిపోయిన ఎంగిలి కాదు. సూక్ష్మజీవులు గుంపుగా చేరి, జిగురు కప్పుకుని, పంటి మీద కట్టుకున్న పొర అది. దాన్ని తీయకుండా వదిలేస్తే లాలాజలంలోని కాల్షియం అందులో చేరి రాయిలా గట్టిపడుతుంది. అదే గార. మన పాత మిద్దెలకు పూసిన గార ఎంత గట్టిగా ఉండేదో చూసినవాళ్ళకు వేరే చెప్పక్కర్లేదు. పాచిని బ్రష్షు తీయగలదు. గారను బ్రష్షు తీయలేదు. ఈ ఒక్క తేడా గుర్తుంటే ఈ ప్రసంగంలో సగం గుర్తున్నట్టే.

నేను ముప్పై ఏళ్ళుగా థర్మల్ విద్యుత్ కేంద్రాల్లో పనిచేస్తున్నాను. టర్బైను నడిపిన ఆవిరిని మళ్ళీ నీళ్ళుగా మార్చేందుకు కండెన్సరు ఉంటుంది. అందులో వేల గొట్టాలు. వాటిలో నిత్యం చల్లటి నీళ్ళు తిరుగుతుంటాయి కాబట్టి లోపలి గోడలకు ఇదే పాచి, ఇదే గార పడతాయి. నీళ్ళలో క్లోరిన్ కలిపితే తేలుతున్న క్రిములు చస్తాయి. గోడకు అంటుకున్న జిగురు పొర మాత్రం అంత తేలిగ్గా వదలదు. అందుకని చాలా ప్లాంట్లలో స్పాంజి బంతులను నీళ్ళతోపాటు గొట్టాల గుండా పంపుతారు. అవి గోడలను రుద్దుకుంటూ పోతాయి. అప్పటికీ గట్టిపడి మిగిలినదాన్ని ప్లాంటు ఆపి, ఓవర్‌హాలింగులో తీస్తాం. నోటి లెక్కా ఇదే. రోజూ వేసే బ్రష్షు స్పాంజి బంతి. పంటి డాక్టరు చేసే క్లీనింగు ఓవర్‌హాలింగు. పుక్కిలించే మందు క్లోరిన్. ఒకటి చేస్తున్నాం కదా అని రెండోది మానేస్తే కుదరదు. ముఖ్యంగా క్లోరిన్ ఒక్కదానితో ఏ ప్లాంటూ నడవదు.

పాచి పేరుకుంటే మొదట చిగురు అంచు ఎర్రబడి, ఉబ్బి, బ్రష్షు తగిలితే రక్తం కారుతుంది. ఈ దశ దాకా నష్టం ఏమీ శాశ్వతం కాదు. 1965లో డెన్మార్కులోని ఆర్హుస్‌లో ఇదే హెరాల్డ్ లో గారి బృందం చిగుళ్ళు బాగున్న పన్నెండు మందిని పళ్ళు తోముకోవడం మానేయమంది. మూడు వారాలు తిరిగేలోగా అందరికీ చిగుళ్ళు వాచాయి. మళ్ళీ తోముకోవడం మొదలుపెట్టిన వారం, పది రోజుల్లో మామూలయ్యాయి. కారణం పాచే అనీ, ఈ దశలో మందు బ్రష్షే అనీ అంతకంటే సూటిగా తేల్చిన ప్రయోగం లేదు.

ఈ దశలో పట్టించుకోకపోతే వాపు లోపలికి దిగుతుంది. చిగురు పంటిని వదిలేస్తుంది. సందు 4 మిల్లీమీటర్లు, 5, 6 అవుతుంది. నార పోగులు తెగిపోతాయి, ఎముక కరుగుతుంది. కరిగిన ఎముక దానంతటది తిరిగి రాదు. మరీ చిత్రమేమిటంటే చాలామందికి నొప్పే ఉండదు. పిప్పి పన్ను రాత్రంతా నిద్ర పట్టనివ్వదు, తెల్లారేసరికి డాక్టరు దగ్గరికి పరుగెత్తిస్తుంది. చిగుళ్ళ జబ్బు అలా కాదు. పునాది మట్టి కొట్టుకుపోతున్నా గోడ నిలబడే ఉన్నట్టు, పన్ను ఊగే రోజు దాకా చప్పుడు చెయ్యదు.

ఇక షుగర్ దగ్గరికి వద్దాం. షుగర్ లేనివాళ్ళకూ పాచి పడుతుంది, మనకూ పడుతుంది. అసలు తేడా మన ఒంటి కాపలాలో ఉంది. రక్తంలో చక్కెర చాలాకాలం ఎక్కువగా ఉంటే క్రిములను తరిమే తెల్ల రక్తకణాలు మందగిస్తాయి. సన్నని రక్తనాళాల గోడలు దెబ్బతింటాయి. చిరిగిన కణజాలాన్ని మరమ్మతు చేసే పని నెమ్మదిస్తుంది. నోరు ఎండిపోయి, కడిగే లాలాజలం తగ్గుతుంది. అదే సమయంలో వాపు మాత్రం అవసరానికి మించి రగులుతూ ఉంటుంది. అమెరికాలోని అరిజోనాలో పిమా అనే ఆదివాసుల మధ్య చేసిన అధ్యయనాల్లో, షుగర్ ఉన్నవాళ్ళలో ఈ జబ్బు ముప్పు దాదాపు మూడు రెట్లు కనిపించింది. షుగర్ అదుపులో ఉంచుకున్నవాళ్ళకు ఆ ముప్పు బాగా తగ్గుతుంది. అది మనకు ధైర్యం చెప్పే మాట.

ఇంతవరకు చాలామంది విన్నదే. దారి ఇటు నుంచి అటే కాదు, అటు నుంచి ఇటు కూడా ఉందన్నది తక్కువమంది విన్నది. నోటి నిండా చిగుళ్ళ జబ్బు ఉన్నవాళ్ళకు, పళ్ళ చుట్టూ సందుల లోపల దాగిన పుండునంతా విప్పి పరిస్తే 8 నుంచి 20 చదరపు సెంటీమీటర్లు ఉంటుందని ఒక అంచనా. అంటే సుమారుగా అగ్గిపెట్టె పై ముఖం అంత. షుగర్ ఉన్న మనిషికి కాలి మీద అగ్గిపెట్టె అంత పుండు పడి, నెలల తరబడి చీము పడుతుంటే ఇంట్లో ఎవరైనా ఊరుకుంటారా? నోట్లో ఉంటే ఊరుకుంటున్నాం, కనబడదు కాబట్టి. ఆ పుండు దగ్గర పుట్టే వాపు రసాయనాలు రక్తంలో కలిసి, ఇన్సులిన్ పనికి అడ్డం పడతాయి. మాత్రలు వేసుకుంటూనే ఉంటాం, నడుస్తూనే ఉంటాం, అంకె మాత్రం దిగదు.

మరి చిగుళ్ళు బాగు చేయించుకుంటే అంకె దిగుతుందా? వైద్య పరీక్షల ఫలితాలను కలిపి తూచే కాక్రేన్ అనే సంస్థ 2022లో 35 అధ్యయనాలను కలిపి చూసింది. చిగుళ్ళకు వైద్యం చేశాక మూడు, నాలుగు నెలలకు హెచ్‌బీఏ1సీ, అంటే మన మూడు నెలల సగటు, సగటున 0.43 మేర తగ్గింది. 8.4 ఉన్నది 8కి వచ్చినట్టు. చిన్న అంకెలాగే కనిపిస్తుంది. కానీ షుగర్ డాక్టరు ఇంకో మాత్ర చేర్చాలా వద్దా అని ఆలోచించేది ఇలాంటి అంకెల దగ్గరే. ఇది సగటు అని మరిచిపోకండి. ఒకరికి ఎక్కువ తగ్గవచ్చు, ఇంకొకరికి కదలకపోవచ్చు. చిగుళ్ళ వైద్యం చేయించుకున్నామని మాత్రలు మానేయమని దీని అర్థం కాదు.

ఇప్పుడు మా అక్క సంగతి చెబుతాను. ఆమె ఏడో తరగతి దాకా ఈ బడిలోనే చదివింది. పేరు చెప్పను. ముందు వరుసలోనే కూర్చుంది, ఇంటికి పోయాక తిడుతుంది. "చెప్పుకో పో, నలుగురికి పనికొస్తే మంచిదే" అని నిన్న అనుమతి మాత్రం ఇచ్చింది.

మూడేళ్ళ కిందట సంక్రాంతికి ఊరికి వచ్చినప్పుడు అక్క జొన్న రొట్టెను చారులో నానబెట్టుకుని తింటోంది. మా ఇంట్లో రొట్టె అంచులు కరకరలాడకపోతే మొదట అరిచేది ఆమే. ఆరా తీస్తే తెలిసింది. కింది దవడ పళ్ళు ఊగుతున్నాయి. చెనక్కాయలు మానేసి ఏడాదయింది. జామకాయ, దోసకాయ, పచ్చి క్యారెట్టు ఏవీ లేవు. అన్నం మెత్తగా వండించుకుని పప్పు, చారు. పొద్దున ఇడ్లీ, రాత్రి ఉప్మా. షుగర్ డాక్టరు ఏం తినమన్నారో అది నమలలేదు, ఏది తగ్గించమన్నారో అదే మింగగలదు. అంకె ఎక్కుతోంది, మాత్రలు పెరుగుతున్నాయి. ఇన్సులిన్ మాట కూడా వచ్చింది. పళ్ళు లేకపోతే షుగర్ చెడేందుకు ఇదొక రెండో దారి. దీన్ని ఏ పుస్తకంలోనూ చూడకముందే మా ఇంటి వంటగదిలో చూశాను.

"పంటి డాక్టరుకు చూపించినావా?" అంటే, "షుగర్ వచ్చినాక పండ్లు ఊగేది మామూలే కదరా. అమ్మకు ఊడిపోలేదా?" అంది. నిజమే, మా అమ్మకు యాభై రెండేళ్ళకే నోట్లో ఒక్క పన్ను లేదు. అది షుగర్ రాత అనే ఇంటిల్లిపాదీ అనుకున్నాం, ఊరంతా అనుకుంది. ఆ రోజుల్లో మా పల్లెలో ఆ మాట కాదని చెప్పేవాళ్ళు లేరు. ఇప్పుడు చెప్పేవాళ్ళు ఉన్నారు. అందుకే ఇంత సేపు మాట్లాడుతున్నాను.

మొదట చూపించిన క్లినిక్కులో ఐదు నిమిషాలు చూసి, "అన్నీ తీసేసి సెట్టు కట్టేద్దాం" అన్నారు. అక్క అందుకూ సిద్ధపడింది. ఇంకో మాట విందామని జిల్లా కేంద్రంలోని దంత వైద్య కళాశాల ఆసుపత్రికి తీసుకెళ్ళాం. చిగుళ్ళ కోసం ప్రత్యేకంగా పెరియోడాంటిక్స్ అనే విభాగం ఉంటుంది, చీటీ దానికే రాయించుకోవాలి. అక్కడ జరిగింది చూసి నాకు ప్రాణం లేచొచ్చింది. ఎందుకంటే వాళ్ళు కొలిచారు. మిల్లీమీటర్ల గీతలున్న సన్నని కమ్మితో ఒక్కో పంటి చుట్టూ ఆరు చోట్ల లోతు చూశారు. అక్కకు అప్పటికి ఇరవై ఆరు పళ్ళు, అంటే 156 కొలతలు. ఒకమ్మాయి "మూడు, రెండు, ఐదు, ఆరు" అని చెబుతుంటే ఇంకో అబ్బాయి చార్టులో రాసుకున్నాడు. మా బాయిలరు గొట్టాల మందం కొలిచి రాసుకున్నట్టే ఉంది. కొలవకుండా ఏ గొట్టాన్నీ కోసి పారెయ్యం. పంటికి ఆ మాత్రం మర్యాద దక్కాలి కదా!

ఎక్స్‌రే తీశాక వాళ్ళు చెప్పింది ఇది. వెనక రెండు దవడ పళ్ళకు ఎముక మిగల్లేదు, తీసెయ్యాలి. మిగతా ఇరవై నాలుగూ నిలబెట్టవచ్చు. షుగర్ డాక్టరుకు కబురు చేసి, మందులు సరిచేయించి, నాలుగు విడతల్లో వైద్యం చేశారు. మత్తు ఇచ్చి, చిగురు కింద వేర్ల మీది గారను శుభ్రం చెయ్యడమే అసలు పని. ఆ తర్వాత అక్కకు బ్రష్షు పట్టుకోవడం కొత్తగా నేర్పించారు. మూడు నెలలకు మళ్ళీ కొలిస్తే 6 ఉన్న చోట్లు చాలావరకు 4కు వచ్చాయి. రక్తం కారే చోట్లు బాగా తగ్గాయి. హెచ్‌బీఏ1సీ 9.2 నుంచి 8.3కి దిగింది. ఇందులో చిగుళ్ళ వాటా ఎంత, సరిచేసిన మందుల వాటా ఎంత, మళ్ళీ మొదలైన రొట్టె, కూరగాయల వాటా ఎంత అని అడిగితే నేను చెప్పలేను. నాలుగు మార్పులు ఒకేసారి జరిగినప్పుడు ఫలితాన్ని ఒకదాని ఖాతాలో రాయకూడదని మాకు నేర్పారు. చెప్పగలిగింది ఒకటే. ఇన్సులిన్ మాట అప్పటికి వాయిదా పడింది. ఈ రోజుకూ అక్క ఆ ఇరవై నాలుగు పళ్ళతోనే జొన్న రొట్టె, చెనక్కాయల ఊరిబిండి నమిలి తింటోంది.

ఇక ఇంటికి తీసుకుపోవలసిన మాటలు.

మొదటిది, గుర్తులు. తోముకుంటే ఉమ్ములో రక్తం, చిగుళ్ళు ఎర్రగా ఉబ్బి ఉండడం, నోటి వాసన పోకపోవడం, పళ్ళు పొడుగైనట్టు కనిపించడం, ఇదివరకు లేని సందులు రావడం, చిగురు నొక్కితే చీము, పన్ను కదలడం. వీటిలో ఒక్కటి ఉన్నా చూపించుకోవాలి. పొగ తాగేవాళ్ళకు రక్తం కారడం అంతగా కనిపించదు, పొగాకు ఆ గుర్తును కప్పేస్తుంది. కాబట్టి రక్తం లేదని వాళ్ళు ధీమాగా ఉండకూడదు. ముఖం వాచినా, జ్వరం వచ్చినా, నోరు తెరవలేకపోయినా ఆ రోజే ఆసుపత్రికి వెళ్ళాలి. షుగర్ ఉన్నవాళ్ళకు చీము త్వరగా పాకుతుంది.

రెండోది, బ్రష్షు. మన డ్రిల్లు మాస్టారు ప్రార్థన దగ్గర గోళ్ళతోపాటు పళ్ళూ చూపించమనేవారు. మనం ముందు పళ్ళు మెరిపించుకుని వచ్చేవాళ్ళం. పాచికి ఆ కిటుకు పనిచెయ్యదు. అది లోపలి వైపు, వెనక వైపు, చిగురు అంచున దాక్కుంటుంది. మెత్తని కుచ్చు ఉన్న బ్రష్షు తీసుకోండి. కుచ్చును చిగురు అంచు మీద ఏటవాలుగా, 45 డిగ్రీల కోణంలో ఆనించి, చిన్న చిన్న కదలికలతో రెండేసి పళ్ళ చొప్పున జరుపుకుంటూ పోండి. గిన్నె తోమినట్టు బలంగా అడ్డంగా రుద్దితే చిగురు అరిగి కిందికి పోతుంది. ఉదయం ఒకసారి, రాత్రి పడుకునే ముందు ఒకసారి, రెండేసి నిమిషాలు, ఫ్లోరైడు ఉన్న పేస్టుతో. రెండింటిలో రాత్రిదే ముఖ్యం. నిద్రలో లాలాజలం తగ్గి, పాచికి రాజ్యం దొరుకుతుంది. మూడు నెలలకో, కుచ్చు విచ్చుకుపోతే అంతకు ముందే బ్రష్షు మార్చండి.

మూడోది, పళ్ళ మధ్య సందులు. అక్కడికి మామూలు బ్రష్షు చేరదు. సీసా కడిగే బ్రష్షును సూదంత చేసినట్టుండే చిన్న బ్రష్షులు మందుల షాపుల్లో దొరుకుతాయి. సందు ఇరుకైతే దారం, వెడల్పయితే ఈ బ్రష్షు. మీ సందులకు ఏ సైజు సరిపోతుందో డాక్టరును అడగండి. పిన్నీసు, అగ్గిపుల్ల మాత్రం నోట్లో పెట్టకండి.

నాలుగోది, ఓవర్‌హాలింగు. నొప్పి లేకపోయినా ఆరు నెలలకోసారి చూపించుకోండి. ఒకసారి జబ్బు వచ్చి తగ్గినవాళ్ళను చాలావరకు మూడు, నాలుగు నెలలకోసారి రమ్మంటారు. వెళ్ళేటప్పుడు షుగర్ ఫైలు, వాడే మందుల చీటీ తీసుకెళ్ళండి. బీపీకి వాడే ఆమ్లోడిపిన్ వంటి మాత్రలతో కొందరికి చిగుళ్ళు పెరుగుతాయి. డాక్టరుకు చెబితే ఆలోచిస్తారు. రక్తం పలచన చేసే మాత్రలు వాడుతుంటే ముందే చెప్పండి, మీ అంతట మీరు ఆపకండి. ఉదయం పూట సమయం అడిగి, టిఫిను తిని, మందు వేసుకుని వెళ్ళండి. క్లీనింగు ఉందని పస్తుండి వెళ్తే కుర్చీలోనే చక్కెర పడిపోవచ్చు. వణుకు, చెమట, గాభరా అనిపిస్తే వెంటనే చెప్పండి. జేబులో గ్లూకోజు పొట్లం ఉంచుకోండి.

ఐదోది, పొగాకు. సిగరెట్టు, బీడీ, గుట్కా, ఖైనీ, తాంబూలంలో పొగాకు, ఏదైనా సరే. షుగరూ పొగాకూ కలిస్తే చిగుళ్ళకు రెండు వైపులా నిప్పు పెట్టినట్టే. మాన్పించడానికి సాయం చేసే డాక్టర్లు, మందులు ఉన్నాయి. అడగడానికి మొహమాటపడకండి.

ఆరోది, కట్టుడు పళ్ళు ఉన్నవాళ్ళకు. రాత్రి తీసి, కడిగి, నీళ్ళలో వెయ్యండి. షుగర్ ఉన్నవాళ్ళకు వాటి కింద బూజు జాతి ఇన్ఫెక్షను త్వరగా పడుతుంది. పళ్ళు లేకపోయినా ఏడాదికోసారి నోరు చూపించుకోవాలి.

భోజనాల దగ్గర నన్ను అడిగిన సందేహాలు కొన్ని ఉన్నాయి. "క్లీనింగు చేయిస్తే పళ్ళు వదులవుతాయంట కదా?" అని చాలామంది అడిగారు. గార పళ్ళను పట్టి ఉంచే సిమెంటు కాదు, ఎముకను తినేది. దాన్ని తీశాక, అది కప్పిపెట్టిన వదులు బయటపడుతుంది. కొన్నాళ్ళు చల్లటి నీళ్ళకు జివ్వుమంటుంది, తర్వాత తగ్గుతుంది. "రక్తం వస్తోందని బ్రష్షు మానేశాను" అన్నాడొక తమ్ముడు. నాయనా, రక్తం వస్తున్నది అక్కడ పాచి ఉన్నందుకు. మెత్తగా తోము, వారం పది రోజులకూ తగ్గకపోతే చూపించు. "వేపపుల్ల మంచిది కాదా?" అని ఒక అన్న అడిగారు. మన పెద్దలు వేపపుల్లతోనే గడిపారు. పుల్ల ముందు పళ్ళను శుభ్రం చేస్తుంది గానీ వెనక దవడ పళ్ళ లోపలి వైపుకు చేరడం కష్టం. ఇష్టమైతే ఉదయం పుల్ల వెయ్యండి, రాత్రి బ్రష్షు తప్పనిసరి. ఉప్పు నీళ్ళు, నూనె పుక్కిలించడం ఉపశమనం ఇవ్వవచ్చు, గారను మాత్రం కదిలించలేవు. బొగ్గు పొడి, కచ్చిక, ఇటుక పొడి పంటినీ చిగురునూ అరగదీస్తాయి.

చివరగా సంఘానికి ఒక విన్నపం. ఏటా జనవరిలో మన బడి ఆవరణలో పెట్టే వైద్య శిబిరంలో బీపీ, షుగర్, కంటి పరీక్షలు చేయిస్తున్నాం. వచ్చే ఏడాది నుంచి ఒక పంటి కుర్చీ కూడా వేద్దాం. చాలా దంత వైద్య కళాశాలలకు ఊళ్ళకు వచ్చే వాహనాలు ఉంటాయి, సంఘం లెటర్‌హెడ్ మీద రాసి అడుగుదాం. షుగర్ ఉందని తేలిన ప్రతి ఒక్కరికీ చిగుళ్ళు చూసి, చీటీలో ఒక గీత చేర్చి రాయిద్దాం. వైద్యం అవసరమైనవాళ్ళను ఆసుపత్రికి తీసుకెళ్ళడానికి మా బ్యాచ్ తరఫున రెండేళ్ళపాటు వ్యాను ఖర్చు మేం పెట్టుకుంటాం. ఇది నిన్న రాత్రి ఓళిగలు వద్దన్న తొమ్మిది మందీ, కావాలన్న ఎనిమిది మందీ కలిసి తీసుకున్న నిర్ణయం.

మీరు చెయ్యవలసింది అంతకంటే చిన్న పని. ఇంటికి వెళ్ళాక షుగర్ ఫైలు తీయండి. కళ్ళు, కాళ్ళు, కిడ్నీలు, గుండె అని రాసి ఉన్న చోట, ఆ కింద "చిగుళ్ళు" అని రాసి, పక్కన తేదీ కోసం ఖాళీ వదలండి. ఈ నెలాఖరులోగా ఆ ఖాళీ నింపండి.